కర్ణ సంబంధం

ఇంటర్ ఫస్టియర్ పిల్లలకి ఎస్-బ్లాక్ మూలకాలు చెప్పేటప్పుడు ఒక చిన్న పేరా వచ్చేది. లిథియం ఉండేది మొదటి గ్రూపులో. కానీ చాలా లక్షణాల్లో అది తన కిందనున్న సోడియాన్ని కాక, పక్క గ్రూపులో ఏటవాలుగా ఉన్న మెగ్నీషియాన్ని పోలి ఉంటుంది. దీన్ని కర్ణ సంబంధం అంటారు. అయాన్ల సైజు దీనికి ఒక ముఖ్య కారణం. లిథియం అయాన్ వ్యాసార్ధం 76 పికోమీటర్లు, మెగ్నీషియం అయాన్‌ది 72. "రెండు మార్కులకి వస్తుంది, అండర్‌లైన్ చేసుకోండి" అని చెప్పి తర్వాత పేజీకి వెళ్ళిపోయేదాన్ని. ఏళ్ళ తరబడి అంతే.

ఆ రెండు మార్కుల ప్రశ్న ఒకరోజు నా మందుల చీటీ మీదికే వచ్చింది.

నేను ప్రకాశం జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. నాకు బైపోలార్ డిజార్డర్ ఉంది, అంటే మనసు ఒకసారి లోతుగా కుంగిపోయి, ఒకసారి అతిగా రెచ్చిపోయే జబ్బు. 2012 జూన్ నుంచి లిథియం వేసుకుంటున్నాను, మధ్యలో ఐదు నెలలు తప్ప. ఆ ఐదు నెలల సంగతి తర్వాత చెప్తాను.

మొదట వచ్చింది డిప్రెషన్. నాన్న పోయిన ఏడాది, 2011లో. అందరూ దిగులనుకున్నారు, నేనూ అనుకున్నాను. దిగులైతే ఏడుపొస్తుంది. నాకు అది కూడా రాలేదు. స్నానానికి లేవడమే ఒక పెద్ద పని, పళ్ళు తోముకోవాలంటే బ్రష్ వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఒక డాక్టరు డిప్రెషన్ బిళ్ళలు రాశారు. ఆరు వారాల్లో లేచి కూర్చున్నాను. మావారు "హమ్మయ్య, మనిషైంది" అని సంతోషపడ్డారు. ఆ సంతోషం పదిహేను రోజులు కూడా నిలవలేదు.

ఎందుకంటే నేను లేచి ఊరుకోలేదు. రాత్రి రెండు గంటలు పడుకుంటే చాలనిపించేది. ఊళ్ళో పేద పిల్లలందరికీ ఉచితంగా ఎంసెట్ కోచింగ్ ఇస్తానని రాత్రి పదకొండింటికి తల్లిదండ్రులకి ఫోన్లు చేశాను. ఫంక్షన్ హాలుకి అడ్వాన్సు కట్టాను. రెండు లక్షలు పర్సనల్ లోను తీసుకున్నాను. హాల్లో గోడ మీద స్కెచ్ పెన్నులతో ఆవర్తన పట్టిక మొత్తం కొత్త పద్ధతిలో గీశాను. మెండలీవ్‌కి తట్టనిది నాకు తట్టిందని నిజంగా నమ్మాను. ప్రిన్సిపాల్ గారి గదిలో గట్టిగా అరిచిన రోజున మావారూ మా తమ్ముడూ కలిసి నన్ను కారెక్కించి గుంటూరు తీసుకెళ్ళారు.

అక్కడి డాక్టరు గారు నెమ్మదస్తులు. డిప్రెషన్ బిళ్ళ కొందరిలో ఇలా అవతలి ఒడ్డుకి తోసేస్తుందని, అప్పుడు బయటపడేదే అసలు జబ్బని మావారికి వివరించారు. రాత్రి నిద్రకి ఒకటి, ఉద్రేకం తగ్గడానికి ఒకటి రాసి, చివర లిథియం కార్బొనేట్ అని రాశారు. ఆ పేరు చూసి నేను పగలబడి నవ్వాను. "ఎల్‌ఐ టూ సీఓ త్రీ! అణుభారం 74. మీరిచ్చే 800 మిల్లీగ్రాముల్లో అసలు లిథియం ఎంతో తెలుసా డాక్టరు గారూ? నూట యాభై!" అన్నాను. ఆయన ప్యాడ్ మీద లెక్క వేసుకుని చూశారు. "కరెక్టేనమ్మా. ఆ నూట యాభై చాలు" అన్నారు. ఆ మాటకి నా నోరు మూతపడింది. నెల రోజుల్లో నా లెక్క ఓపిగ్గా సరిచూసిన మొదటి మనిషి ఆయన.

మిగతా బిళ్ళలు మూడు నాలుగు రోజుల్లో మత్తుగా పడేశాయి. లిథియం అలా చెయ్యలేదు. వేసుకున్న కొన్ని గంటల్లో అది రక్తంలోకి చేరుతుంది, కానీ తేడా తెలిసేసరికి మూడో వారం వచ్చింది. అదీ పెద్ద హడావుడిగా ఏం కాదు. ఒక పొద్దున లేచి గడియారం చూస్తే ఆరున్నర గంటలు నిద్రపోయానని తెలిసింది. గోడ మీద నేను గీసింది చూశాను. చదివి అర్థం చేసుకోబోతే అందులో ఏమీ లేదు. ఆ రోజు మాత్రం బాగా ఏడ్చాను.

రక్తంలో కొన్ని గంటల్లో చేరే పదార్థం మూడు వారాల దాకా ఏం చేస్తోంది? టీచరు బుద్ధి ఊరుకోనివ్వదు. కాస్త తేరుకున్నాక చదవడం మొదలుపెట్టాను, ఇప్పటికీ చదువుతున్నాను. నాకు అర్థమైనంత చెప్తాను.

మెదడులో కబుర్లు మోసే డోపమైన్, సెరటోనిన్ లాంటి రసాయనాలు కబురు అందుకునే నాడీకణం లోపలికి వెళ్ళవు. గుమ్మం దగ్గర తలుపు కొడతాయి. ఆ చప్పుడు విని లోపలివాళ్ళు పని అందుకుంటారు. లోపల కబురు మోసేవాళ్ళలో ఇనాసిటాల్ అనే చిన్న అణువుకి ఫాస్ఫేట్లు తగిలించి తయారయ్యేది ఒకటుంది. పని అయ్యాక ఆ ఫాస్ఫేట్లు ఒక్కొక్కటీ ఊడి మళ్ళీ మామూలు ఇనాసిటాల్ అవుతుంది, మళ్ళీ వాడకానికి వస్తుంది. చివరి ఫాస్ఫేట్ ఊడదీసే ఎంజైము పనిచెయ్యాలంటే మెగ్నీషియం కావాలి. లిథియం వచ్చి అందులో ఒక మెగ్నీషియం చోట కూర్చుంటుంది. కర్ణ సంబంధం! ఆ వాక్యం చదివిన రాత్రి పుస్తకాల అలమారలోంచి ఇంటర్ టెక్స్ట్‌బుక్ తీసి ఆ పేరా మళ్ళీ చదువుకున్నాను, ఎవరో నాకు రాసిన ఉత్తరంలాగా.

పెళ్ళి భోజనాల్లో స్టీలు గ్లాసులు కడిగే మనిషిని ఊహించుకోండి. ఆ మనిషి చెయ్యి నెమ్మదించిందనుకుందాం. పలచగా ఉన్న బంతిలో ఎవరికీ తేడా తెలీదు, గ్లాసులు సరిపోతాయి. బంతి మీద బంతి పడి జనం తోసుకుంటున్నప్పుడు మాత్రం గ్లాసులు చాలవు, వడ్డన దానంతటదే నిదానిస్తుంది. లిథియం పద్ధతి ఇదే. ఆ దారి ఎంత రద్దీగా ఉంటే దాని అడ్డు అంత ఎక్కువ. సరిగ్గా ఉన్న కణాన్ని పెద్దగా కదిలించకుండా, అతిగా రెచ్చిపోయినదాన్ని తగ్గించడం దీనివల్లేనని ఒక సిద్ధాంతం. పైగా రక్తంలోని ఇనాసిటాల్ మెదడులోకి అంత సులువుగా రాదు కాబట్టి, మెదడు ఎక్కువగా తన గ్లాసులు తను కడుక్కోవలసిందే.

ఇదొక్కటే అయితే మూడు వారాలెందుకు? రెండో సంగతి 1996లో బయటపడింది. జీఎస్‌కే-3 అని ఇంకో ఎంజైము, ఇతర ప్రోటీన్లకి ఫాస్ఫేట్ ముద్ర కొట్టే గుమాస్తా లాంటిది. దీనికీ మెగ్నీషియం కావాలి, ఇక్కడా లిథియం పోటీకి వస్తుంది. ఈ గుమాస్తా చెయ్యి నెమ్మదిస్తే కణంలో జన్యువులు చదివే తీరే కొంత మారుతుంది. కణం చచ్చిపోకుండా కాసే బీసీఎల్-2, కొమ్మలు రెమ్మలు వెయ్యడానికి ఎరువులాంటి బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్లు పెరుగుతాయి. ఉద్రేకం పెంచే గ్లూటమేట్, డోపమైన్ సంకేతాలు తగ్గి, నెమ్మది చేసే గాబా వైపు మొగ్గు వస్తుంది. రోజూ నిద్రా మెలకువలు నడిపే శరీర గడియారంలోనూ జీఎస్‌కే-3కి చెయ్యుంది. ప్రయోగాల్లో లిథియం ఆ గడియారపు చక్రాన్ని కాస్త పొడిగిస్తుంది. ఇదంతా నారు పోసి, నాటు వేసి, చేను పచ్చబడ్డం లాంటి పని. బిళ్ళ వేసుకున్న సాయంత్రానికి అయిపోయేది కాదు.

2000 సంవత్సరంలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక చిన్న పరిశోధన వచ్చింది. నాలుగు వారాలు లిథియం వాడిన పదిమంది బైపోలార్ పేషెంట్లలో ఎనిమిది మందికి మెదడులో గ్రే మ్యాటర్ (నాడీకణాలు గుమిగూడి ఉండే భాగం) పరిమాణం పెరిగినట్టు స్కాన్‌లో కనిపించింది. తర్వాత దీర్ఘకాలం వాడినవాళ్ళలో, జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోక్యాంపస్ కుంచించుకుపోకుండా ఉండటాన్ని ఇంకొందరు చూశారు. అది నిజంగా పెరుగుదలా, లిథియం వల్ల స్కాన్ సంకేతమే మారిందా అని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఇది మావారికి చదివి వినిపిస్తే, "అంటే నీకు బుర్ర పెరిగిందంటావా, ఇంకేం మిగిలింది మాకు" అన్నారు.

ఇంత చదివినదాన్ని 2015లో బిళ్ళలు మానేశాను. తెలియక కాదు. మూడేళ్ళు జబ్బు తిరగబెట్టలేదు, అదే ఇబ్బంది. 2014లో థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 8.4 వచ్చింది, అంటే థైరాయిడ్ మందగించింది. లిథియం థైరాయిడ్ గ్రంథి నుంచి హార్మోను విడుదల కాకుండా అడ్డుకుంటుంది, దానికి పొద్దున్నే ఇంకో బిళ్ళ మొదలైంది. ఏడు కిలోలు పెరిగాను. రాత్రి మూడుసార్లు మంచినీళ్ళకి, మూడుసార్లు బాత్రూముకి లేచేదాన్ని. వీటన్నిటికన్నా నాకు చిన్నతనంగా అనిపించింది చేతి వణుకు. టైట్రేషన్ చూపించేటప్పుడు బ్యూరెట్ చివర ఒక్క చుక్క దగ్గర ఆపాలి. నా వేళ్ళు ఆగవు. రంగు మారాక ఇంకో మూడు చుక్కలు పడేవి. వెనక బెంచీలో ఎవరో "మేడమ్ టెన్షన్ పడుతున్నార్రా" అన్నారు. ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను: ఆ గోడ మీద బొమ్మ గీసిన రాత్రుల వెలుగు నాకు బెంగగా ఉండేది. అది జబ్బని తెలుసు. అయినా.

"బాగానే ఉన్నావు కదే, ఇంకా ఎన్నాళ్ళు మింగుతావు" అని మా పిన్ని ఒక పెళ్ళిలో అన్నది. ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు ఆగస్టులో ఒక్కసారిగా ఆపేశాను, మావారికి చెప్పకుండా. రెండు నెలలు హాయిగా ఉంది. చెయ్యి వణకలేదు, దాహం తగ్గింది. కార్తీకమాసం వచ్చేసరికి నిద్ర నాలుగు గంటలకి దిగింది. తర్వాత జరిగిన వివరాలు రాయను. మా పెద్దమ్మాయికి అప్పటికి పన్నెండేళ్ళు. తనకన్నీ గుర్తున్నాయి.

ఈ మందుని పిచ్చికి వాడొచ్చని 1949లో ఆస్ట్రేలియాలో చెప్పిన డాక్టరు జాన్ కేడ్. ఉన్మాదం ఒంట్లోని ఏదో విషం వల్ల వస్తుందనుకుని గినీ పందుల మీద ప్రయోగాలు చేస్తూ, యూరిక్ ఆమ్లం నీళ్ళలో సరిగా కరగదు కాబట్టి, బాగా కరిగే లిథియం యూరేట్ వాడాడు. ఆ జంతువులు నెమ్మదించి పడుకున్నాయి. ముందు తను మింగి చూసుకుని, తర్వాత పేషెంట్లకి ఇచ్చాడు. మొదటి పేషెంటు ఐదేళ్ళుగా ఉన్మాదంలో ఉన్న మనిషి, కొన్ని వారాల్లో కోలుకుని, కొన్ని నెలలకి ఇంటికెళ్ళాడు. బాగైపోయానని మందు నిర్లక్ష్యం చేశాడు, జబ్బు తిరగబెట్టింది. చివరికి అదే లిథియం ఒంట్లో ఎక్కువై చనిపోయాడు. తర్వాత దీన్ని పద్ధతిగా పరీక్షించి నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడు డెన్మార్క్‌కి చెందిన మొగెన్స్ స్కౌ. 1970లో అమెరికా ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ మొదటి పేషెంటు కథ 2016 జనవరిలో, మళ్ళీ బిళ్ళలు మొదలయ్యాక చదివాను. అతని కథలో సగం నాకూ జరిగింది. మిగతా సగం 2019లో జరగబోయి తప్పిపోయింది.

ఇక్కడ కర్ణ సంబంధం పక్కన పెట్టి నిలువు వరస చూడాలి. మెదడులో లిథియం మెగ్నీషియం వేషం వేస్తే, కిడ్నీలో సోడియం వేషం వేస్తుంది. లివరుకి దీనితో పని లేదు, దాదాపు మొత్తం కిడ్నీల గుండానే పోవాలి. ఒంట్లో ఉప్పు, నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీ సోడియాన్ని వదలకుండా వెనక్కి లాక్కుంటుంది. ఆ లాగుడులో లిథియం కూడా వెనక్కి వచ్చేస్తుంది. రక్తంలో సోడియం లీటరుకి దాదాపు 140 మిల్లీమోల్స్. నాకు ఉండాల్సిన లిథియం 0.7. రెండువందల సోడియంలకి ఒక్క లిథియం. 0.6 నుంచి 1.0 మధ్య మందు, 1.5 దాటితే ప్రమాదం. ఇంత ఇరుకు గట్టు మీద నడిచే మందులు తక్కువ.

2019 మే నెలాఖరు, రోహిణి కార్తె. కనిగిరి దగ్గర ఒక పెళ్ళికి బస్సులో వెళ్ళాం. మోకాలు నొప్పి పుడితే మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్ళలు తెచ్చుకుని మూడు రోజులు వేసుకున్నాను. ఆ జాతి నొప్పి బిళ్ళలు కిడ్నీకి రక్తం తగ్గించి లిథియాన్ని పోనివ్వవని చదివి కూడా, మోకాలు నొప్పిలో గుర్తు రాలేదు. భోజనాల తర్వాత విరేచనాలు. దానికి తోడు అమ్మకి కొత్తగా బీపీ వచ్చిందని ఆ నెల నుంచే ఇంట్లో వంటకి ఉప్పు సగానికి తగ్గించాం. మూడూ కలిసి ఒకేసారి.

ముందు కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయాను. ఇది ఎప్పుడూ ఉండే సన్న వణుకు కాదు, చెయ్యి మొత్తం ఊగుతోంది. మాట ముద్దగా వస్తోంది, నడిస్తే గోడకి తగులుతున్నాను. వడదెబ్బన్నారు. దగ్గర్లో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చుకుని, ఏ మందులు వాడుతున్నారని ఒక్కరు కూడా అడగకుండా మళ్ళీ నొప్పికీ జ్వరానికీ ఇంజెక్షన్ చేశారు. చెప్పడానికి నాకు నాలిక తిరగలేదు. మావారు ఆ సాయంత్రం అనుమానం వచ్చి గుంటూరు డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆయన అన్నది ఒక్కటే: "లిథియం ఆపండి, ఇప్పుడే లెవెల్ చూడండి." 2.1 వచ్చింది. రెండు రోజులు ఐసీయూలో సెలైన్లు, గంట గంటకీ మూత్రం కొలత. అదృష్టం, ఏ అవకరమూ మిగల్లేదు. అప్పటి నుంచి నా పర్సులో ఆధార్ కార్డు వెనక ఒక కాగితం ఉంటుంది: ఈమె లిథియం మీద ఉంది, నొప్పి బిళ్ళలు ఇచ్చే ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యండి అని మావారి చేతిరాతతో. ఇంట్లో ఇప్పుడు అమ్మ కూర వేరు, నా కూర వేరు. ఉప్పు పెంచకూడదు, తగ్గించకూడదు, ఎప్పుడూ ఉన్నట్టే ఉండాలి. ఆవకాయ కూడా ఒక రోజు ఇంత, ఒక రోజు అంత కుదరదు.

మూడు నెలలకోసారి రక్త పరీక్ష. రాత్రి తొమ్మిదికి బిళ్ళ వేసుకుంటే, పొద్దున తొమ్మిదికి, సరిగ్గా పన్నెండు గంటలకి రక్తం ఇవ్వాలి. మొదట్లో నేను వెళ్ళే ల్యాబులో పాత ఫ్లేమ్ ఫొటోమీటర్ ఉండేది. అంటే రక్తం నుంచి తీసిన సీరంని పలచన చేసి మంటలోకి చిమ్మి, ఆ వెలుగులో లిథియం ఎరుపు ఎంతుందో కొలుస్తారు. టెక్నీషియన్ కుర్రాడు మా కాలేజీలో చదివినవాడే. "మేడమ్, జ్వాలా పరీక్షలో లిథియం కెంపు రంగు అని మీరే చెప్పారు కదా" అన్నాడు ఒకసారి. ఇప్పుడు ఎలక్ట్రోడ్ మెషిన్ వచ్చింది, మంట లేదు.

ఈ ఏడాది ఏప్రిల్ పరీక్షలో లెవెల్ 0.7, కాల్షియం మామూలు, క్రియాటినిన్ (కిడ్నీల పని మందగిస్తే రక్తంలో పెరిగేది) మాత్రం 1.1. పదమూడేళ్ళ కిందట 0.8 ఉండేది. ఒక్కసారి చూస్తే అది పెద్ద అంకె కాదు. వరసగా పెట్టి చూస్తే మెల్లగా ఎక్కుతోంది. డాక్టరు గారు, నేను, మావారు గంటసేపు కూర్చున్నాం. మానేసి వేరే మందుకి మారడం ఒక దారి. డోసు 800 నుంచి 600కి తగ్గించి లెవెల్ 0.6 దగ్గర పెట్టుకోవడం ఇంకొకటి. రెండోదే ఎంచుకున్నాం, ఒక్కసారిగా కాకుండా రెండు నెలల మీద. 2015 గుర్తొచ్చి ఇంటికొచ్చే దారంతా నేను మాట్లాడలేదు.

పెద్దమ్మాయికి ఇప్పుడు ఇరవై రెండు. వంటింట్లో క్యాలెండర్ మీద రోజూ నా నిద్ర గంటలు రాస్తుంది. ఆరు దాటితే నీలం పెన్ను, తగ్గితే ఎరుపు. డోసు తగ్గించి పదకొండు రోజులైంది, పది నీలాలు. నిన్నటిది ఎరుపు, ఐదున్నర. పక్కన చిన్న అక్షరాలతో తనే రాసింది: కరెంటు పోయింది, దోమలు.